పైన చల్లగానే ఉండాది

ఆయన దేన్నయినా అరచేత్తో తాకి చూడటం నేను ఎరగను. చేతిని తిరగేసి, వేళ్ళ వెనకవైపు దానికి ఆనించి, కళ్ళు సగం మూసి కాసేపు ఆగేవాడు. తర్వాతే మాట. టీ గ్లాసు పట్టుకునే ముందూ అంతే, ఎండలో నిలబెట్టిన మోటార్‌సైకిల్ సీటు మీద కూర్చునే ముందూ అంతే, మా కొట్టు ఇనప షట్టర్‌కి ఆనుకునే ముందూ అంతే. ఇదేం అలవాటని ఒకసారి అడిగితే రెండు అరచేతులూ చాపి చూపించాడు. తెల్లగా, మందంగా, గీతలు చెరిగిపోయి ఉన్నాయి. చెయ్యి చూసి జాతకం చెప్పేవాడెవడైనా ఉంటే దండం పెట్టి లేచిపోవాల్సిందే.

"ఇయ్యి ఎప్పుడో చచ్చిపొయినాయి అబ్బయా," అన్నాడు. "మోసేదానికి పనికొస్తాయి. తెలుసుకునేదానికి ఈ ఎనకవైపే."

జువ్వలదిన్నె రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో ఆయన జీవితమంతా గడిచింది. దిమ్మలు దించడం, కొట్టడం, చేపల పెట్టెలు కట్టడం, పడవల్లో చేపలు నిలవ చేసే గదులకి లోపల మందపాటి స్పాంజి అట్టలు కోసి అతకడం. ఆయన పేరు రాయను. రాసినా మా బజారులో ఎవరికీ తెలియదు. ఐసాయన అంటే మాత్రం టీ కొట్టువాడి దగ్గర్నుంచి బ్యాంకు మేనేజరు దాకా అందరికీ తెలుసు.

పోయిన వారం ఒక మధ్యాహ్నం ఆయన కూతురు ఫోన్ చేసింది. "అన్నా, నాయన పొయినాడు" అని, ఇంకేదో చెప్పబోయి పెట్టేసింది. నా ముందు బల్ల మీద ఎవరిదో లాప్‌టాప్ విప్పి ఉంది. ఏ స్క్రూ ఎక్కడిదో ఒక్కసారిగా మర్చిపోయాను. ఎదురుగా కూర్చున్న మనిషి చుట్టాలా అని అడిగాడు. కాదన్నాను. స్నేహితులా అని అడిగాడు.  లాప్‌టాప్ రేపిస్తానని అతన్ని పంపించి, షట్టర్ దించాను.

కావలిలో నాది కంప్యూటర్లు రిపేరు చేసే కొట్టు. అక్కడికి వచ్చేవాళ్ళలో నూటికి తొంభై మంది తమ వస్తువు ఎందుకు పాడయిందో తామే చెబుతారు. తెలిసిపోయినప్పుడు నా దగ్గరికి రావడం దేనికని నాకు చిరాకు. ఈయన అలా కాదు. మొదటిసారి వచ్చినప్పుడు వస్తువు కూడా తేలేదు. మెట్టు మీద గొంతుక్కూర్చుని, పైనున్న ఫ్యాను వంక అనుమానంగా చూసి, దాన్ని ఆపమన్నాడు. ఎందుకన్నాను. గాలి తగిలే చోట ఏదీ నిలవదన్నాడు. ఐసు దగ్గర పుట్టి పెరిగిన మనిషికి గాలి అంటే దొంగ కిందే లెక్క. సందు దొరికితే దూరి, ఉన్నదంతా కరిగించి పోతుంది. ఆయన వచ్చినప్పుడల్లా నేను ఫ్యాను ఆపాల్సి వచ్చేది. చెమటలు కక్కుతూ కూర్చున్న మిగతావాళ్ళు, పొమ్మనలేక పొగ పెడుతున్నానేమో అన్నట్టు నన్ను చూసేవాళ్ళు. పైగా చేపల వాసన. నేను విసుక్కున్నా ఆయన పట్టించుకునేవాడు కాదు. కుర్చీ వేస్తే కూర్చునేవాడు కాదు, చల్లటి నీళ్ళు ఇస్తే తాగేవాడు కాదు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం పొగలు కక్కే టీ తాగి, హాయిగా నిట్టూర్చేవాడు.

ఆయన కూతురిది మిక్సింగ్ పని. పెళ్ళిళ్ళ వీడియోలు కోసి, కూర్చి, పాటలు కలిపి ఇస్తుంది. ఇంట్లోనే ఒక గదిలో కంప్యూటరు పెట్టుకుంది. కావలి, బోగోలు, ఇటు అల్లూరు దాకా ఫొటోగ్రాఫర్లు ఆ అమ్మాయి దగ్గరికే వస్తారు. భోజనాల దగ్గర ఎవరు నోరు తెరిచి నములుతున్నా ఆ ముక్క తీసేస్తుంది, మూలన కూర్చున్న ముసలమ్మ నవ్వితే మాత్రం వదిలిపెట్టదు. అందుకే ఆ పిల్లకి అంత పేరు.

ఒకసారి తండ్రీ కూతుళ్ళు కలిసి వచ్చారు. నేను ఫ్యాను ఆపాను. ఆ అమ్మాయి నాతో, "చెమటలు పోస్తున్నాయి, మంచినీళ్ళు తాగమని చెప్పన్నా" అంది. ఎవరికి చెప్పాలో అర్థం కాలేదు. పక్కన ఆయన తప్ప ఎవరూ లేరు. ఆయన నా వైపు తిరిగి, "టీ తాగినాలే అని చెప్పబ్బయా" అన్నాడు. ఇద్దరి మధ్యా రెండు అడుగులు లేవు. ఆ తర్వాత కూడా అలాగే నడిచింది, నా మీదుగా. నాకు ఒళ్ళు మండి, నేనేమన్నా మీ ఇద్దరికీ టెలిఫోన్ తీగనా అనేశాను. ఆ అమ్మాయి ముఖం దించుకుని, బజారులో పనుందని వెళ్ళిపోయింది.

ఆయన ఆ పిల్ల పోయిన వైపే చూశాడు. తర్వాత తనే చెప్పాడు. వాళ్ళమ్మ పోయిన దగ్గర్నుంచి పాప తనతో మాట్లాడదు. అన్నం వండుతుంది, తనకి పెట్టే తింటుంది. బట్టలు ఉతుకుతుంది. ఒంట్లో బాగలేకపోతే మందు తెచ్చి తలగడ పక్కన పెడుతుంది. అన్నీ ఉన్నాయి, మాటొక్కటే లేదు.

"తప్పు నాదేలే," అన్నాడు. అంతకు మించి ఆరోజు చెప్పలేదు. నేనూ అడగలేదు. ఇంట్లో ఎవరూ మాట్లాడకపోవడమంటే ఏమిటో నాకు తెలుసు, నాకూ పెళ్ళయింది. కానీ అది ఒక పూట వ్యవహారం. ఏళ్ళ తరబడి ఒకే కప్పు కింద అలా బతకడం ఎలాగో ఊహకి అందలేదు.

ఆ అమ్మాయి కంప్యూటర్లో గ్రాఫిక్స్ కార్డు అరవడం మొదలుపెట్టింది ఆ తర్వాత కొద్ది రోజులకే. వీడియో పనికి అదే గుండెకాయ. దాని మీద వేడి లాగేసే రేకుల దిమ్మ, రెండు చిన్న ఫ్యాన్లు ఉంటాయి. ఆ మొత్తాన్నీ కూలర్ అంటారు. సముద్రపు ఉప్పుగాలికి ఫ్యాన్లు తుప్పుపట్టి, రేకులు తెల్లగా పొడి రాలుతున్నాయి. అమ్మాయి కంప్యూటర్ పక్క తలుపు తీసేసి, దానికి ఎదురుగా బల్ల ఫ్యాను పెట్టుకుని నెట్టుకొస్తోంది. కూలర్ మార్చాలని ఫోన్లో చెప్పాను. అదే మోడల్‌ది చచ్చిపోయిన కార్డు ఒకటి నా దగ్గర ఉంది కాబట్టి, దాని కూలర్ ఊడదీసి శుభ్రం చేసి పెట్టాను. ఈలోగా ఆ అమ్మాయి వాకాడులో వాళ్ళ చిన్నమ్మ ఇంటికి, చెవులు కుట్టే వేడుకుందని వెళ్ళింది.

ఆయన ఒక్కడే వచ్చి కూలర్ ఇమ్మన్నాడు. కార్డు ఇక్కడికి పట్రా, నేను బిగించి ఇస్తానన్నాను. ఒప్పుకోలేదు. తనే బిగిస్తాడట, పాప వచ్చేలోగా.

"తను అడగలా, నేను చెప్పలా," అన్నాడు. "వచ్చి చూసుకుంటే, ఎవురు చేసినారని అయినా అడగతాది గదా."

ఒక్క ప్రశ్న కోసం ఆ మనిషి అంత ఆశ పెట్టుకున్నాడని తెలిశాక కాదనడానికి నాకు మనసు రాలేదు. చిప్పు వేడిని కూలర్‌కి అందించే పాత పేస్టు తుడవాలని, కొత్త పేస్టు నడిమి చిప్పు మీద కొంచెం వేయాలని, పక్కనున్న చిన్న చిప్పుల మీద ఈ పల్చటి ప్యాడ్లు అంటించాలని, స్క్రూలు ఎదురెదురు మూలల్లో బిగించుకుంటూ రావాలని చెప్పాను. అన్నిటికీ తలూపాడు. తలూపేవాళ్ళంటే నాకు మొదట్నుంచీ భయమే.

భయపడ్డట్టే అయింది. మళ్ళీ వచ్చినప్పుడు చేతిలో చేపల థర్మాకోల్ పెట్టె ఉంది. మూత తీస్తే లోపల పాత పంచె, దాని మధ్యలో గ్రాఫిక్స్ కార్డు, చందువ చేపని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టి ఉంది. కొట్లో ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. ముఖం పీక్కుపోయి ఉంది.

బొమ్మ వస్తుందట. పాప రోజూ తెరిచే మిక్సింగ్ తెరిచి వీడియో నడిపితే, ఫ్యాన్లు గోల పెట్టి, తెర నల్లగా అయిపోతుందట. ఆపి మళ్ళీ వేస్తే కాసేపు బాగుంటుందట, మళ్ళీ అంతేనట. పాప ఈ పూట బస్సుకే దిగుతుంది. ఒక పెళ్ళి వీడియో ఇవ్వాల్సి ఉందని పక్కింటామెతో చెప్పి వెళ్ళింది.

ఫ్యాను ఆపి పని మొదలుపెట్టాను. మొదట కార్డుని నా కంప్యూటర్లో పెట్టాను. ఆయన చెప్పినట్టే బొమ్మ వచ్చింది, పని పెట్టగానే నల్లబడింది. కరెంటు సరిపోవడం లేదేమోనని వేరే సప్లై పెట్టి చూశాను. అదే వరస. కార్డు అంచున ఉండే బంగారు పూత పళ్ళని రబ్బరుతో రుద్దాను, ఇంకో స్లాటులో గుచ్చాను. కూలర్ ఫ్యాన్ల తీగ సరిగ్గానే తగిలించాడు. అదే చోట వేరే కార్డు పెడితే నిక్షేపంగా నడిచింది. ఇక మిగిలింది వేడి ఒక్కటే. చిప్పు మరీ కాగితే కార్డు తనని తాను కాపాడుకోవడానికి ఆరిపోతుంది.

మళ్ళీ కార్డు పెట్టి, తెర నల్లబడగానే, "వేడెక్కిపోతోంది పెద్దాయనా" అన్నాను.

ఆయన లేచి వచ్చి చెయ్యి తిరగేసి కూలర్ మీద ఆనించాడు. కళ్ళు సగం మూశాడు. తెరిచాడు.

"వేడేదబ్బయా? పైన చల్లగానే ఉండాది."

నేనూ పెట్టి చూశాను. నిజమే. చల్లగా ఉంది. సంగతి నాకు అప్పుడు తెలిసింది. ఒక్కో స్క్రూ తీసి కూలర్ పైకెత్తాను. నడిమి చిప్పు మీద ఆయన పెట్టిన పేస్టు పెట్టింది పెట్టినట్టే ఉంది, నలగలేదు. కూలర్ అడుగున రాగి అద్దంలా ఉంది, దానికి పేస్టు మరకైనా లేదు. రెండూ ఒకదానికొకటి ఆననే లేదు. ఎందుకంటే, నేనిచ్చిన పల్చటి ప్యాడ్లు పక్కన పడేసి, చేపల గదులకి వేసే స్పాంజి అట్ట తెచ్చి, ముక్కలు కోసి, చిన్న చిప్పుల మీదా, నడిమి చిప్పు చుట్టూ, చీమ దూరే సందు లేకుండా అతికించాడు. ఎంత సమంగా కోశాడో చెప్పలేను. అన్ని మూలలూ కత్తితో గీసినట్టున్నాయి. అంత శ్రద్ధగా చేసిన తప్పుని నేను మళ్ళీ చూడలేదు.

నాకు కోపం నషాళానికి అంటింది. కడుపుకి అన్నం తినేవాడెవడైనా ఈ పని చేస్తాడా అని కేకలేశాను. ఆయన తడుముకోకుండా జవాబిచ్చాడు. నువ్విచ్చినవి మరీ పల్చగా ఉన్నాయి, అంత పల్చటివి ఏం ఆపుతాయి, మా ఊళ్ళో గాలి నిప్పు మాదిరి ఉంటుంది, లోపలికి పోకూడదని సందులన్నీ మూశాను, ముప్పై దిమ్మల ఐసుని ఇలాగే కదా నిలబెడతాం అన్నాడు.

కోపం సగం దిగిపోయింది. కూర్చోబెట్టి చెప్పాను.

"ఐసుకి వేడి బయట్నుంచి వస్తుంది పెద్దాయనా. అడ్డం పెడితే అది బతుకుతుంది. దీనికి వేడి లోపలే పుడుతుంది. దాన్ని బయటికి రానివ్వాలి. అడ్డం పెట్టామనుకో, పైన చల్లగా ఉంటుంది, లోపల మాడిపోతుంది."

ఆయన వంగి ఆ స్పాంజి ముక్కల్ని వేలితో నొక్కి చూశాడు.

"అప్పుడు చేత్తో చూస్తే తెలవదా?" అన్నాడు.

"తెలియదు."

"ఎనకవైపుతో చూసినా?"

"ఎటువైపుతో చూసినా తెలియదు. పైనున్నది చల్లగానే ఉంటుంది కదా."

మెట్టు మీదికి పోయి కూర్చున్నాడు.  నేను స్పాంజి గీకుతూ ఉంటే, వీధి వైపు చూస్తూ, నాతో కాదన్నట్టు చెప్పుకుపోయాడు. ఆయన భార్యకి జ్వరం వచ్చింది. తగ్గుతూ, వస్తూ, ఒకరోజు పొద్దున్నే బాగా కాగిపోయింది. ఆయన పరుగున పోయి ఫ్యాక్టరీ నుంచి ఐసు తెచ్చి, గుడ్డలో కట్టి, నుదుటి మీద, చంకల్లో, పాదాల దగ్గర పెట్టి కూర్చున్నాడు. కరిగితే మార్చాడు. పక్కవాళ్ళు కావలి తీసుకుపొమ్మంటే, నాకంటే చల్లబరచడం డాక్టరుకేం తెలుసు అన్నాడు. మధ్యాహ్నానికి చెయ్యి తిరగేసి చూస్తే ఒళ్ళు చల్లగా ఉంది. తగ్గిందనుకున్నాడు. ఒక పడవకి లోడు ఉంటే ఎత్తించి రావడానికి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి ఆమె తెలివిలో లేదు. ఆటో కావలి చేరేలోపే పోయింది.

"పైన చల్లగానే ఉన్నింది," అన్నాడు. మళ్ళీ అదే అన్నాడు.

నా చేతిలో స్క్రూడ్రైవరు ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. నేను మామూలుగా చెప్పిన మాట వెళ్ళి ఎక్కడ గుచ్చుకుందో అప్పుడు అర్థమయింది. డాక్టరు ఉన్నా దక్కేదో లేదో మనకేం తెలుసు అన్నాను. అలాంటప్పుడు అనాల్సిన మాటే అది. ఆయన వినలేదు.

పాప అప్పుడు నెల్లూరు హాస్టల్లో ఉందట. ఆరోజు పొద్దున పాపకి ఫోన్ చేద్దామని తీస్తే, భార్య చెయ్యి పట్టుకుని ఆపింది. పరీక్షలున్నాయి, చెబితే పరిగెత్తుకొస్తుంది, చెప్పొద్దంది. ఆయన ఫోన్ పక్కన పెట్టేశాడు. పాప వచ్చేసరికి వాళ్ళమ్మ చాప మీద ఉంది. ఆరోజు నోరు మూసుకున్న పిల్ల, తండ్రి దగ్గర మళ్ళీ తెరవలేదు.

"మరి మీ అమ్మే వద్దందని చెప్పొచ్చుగా?" అన్నాను.

ఆయన తిరిగి చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తే. చేయకూడని పనేదో చేయమన్నట్టు చూశాడు.

"ఆమె లేకపాయె. లేని మనిషి మీద ఎట్టా ఏస్తానబ్బయా? పాపకి వాళ్ళమ్మ తలపొక్కటే మిగిలుండాది. అది గూడా నేను చెడగొట్టనా? నీకాడ ఉండనీ ఈ మాట."

పల్చటి ప్యాడ్లు అంటించి, కొత్త పేస్టు వేసి, కూలర్ బిగించాను. ఈసారి పని పెడితే కూలర్ మెల్లగా వెచ్చబడింది, ఫ్యాన్లు నిదానంగా తిరిగాయి, తెర మీద బొమ్మ ఆగకుండా నడిచింది. వెచ్చగా ఉంటేనే బాగున్నట్టు అని చెప్పాను. ఆయన తెర వంక చూడనైనా చూడలేదు. కార్డుకేం కాలేదు, ఉప్పుగాలికి ఇబ్బంది పెట్టిందని పాపతో నేను చెబుతాలే, ఇక ఎవరికీ తెలియనక్కర్లేదు అన్నాను.

"నేనే చెప్పాల," అన్నాడు. "కార్డు సంగతి గాదు."

బస్సు దిగి కొట్టుకి రమ్మని ఆ అమ్మాయికి నేనే ఫోన్ చేశాను. ఆయన చేసి ఉంటే ఎత్తేది కాదు.

వచ్చింది. భుజాన సంచి, చేతిలో చిన్నమ్మ ఇచ్చిన అరటిపళ్ళు. బల్ల మీద తన కార్డు, పక్కన స్పాంజి ముక్కలు, మెట్టు మీద తండ్రి. నేను నోరు తెరిచేలోగా ఆయన లేచి నిలబడి నేరుగా ఆ పిల్లతోనే చెప్పడం మొదలుపెట్టాడు. కూలర్ తానే బిగించానన్నాడు, స్పాంజి పెట్టానన్నాడు, పైన చల్లగా ఉంటే బాగున్నట్టేనని అనుకున్నానన్నాడు. అదే గొంతుతో, ఎక్కడా ఆగకుండా, అమ్మకీ అట్నే చేశానన్నాడు. ఒళ్ళు చల్లగా ఉంటే తగ్గిందనుకుని పడవ దగ్గరికి పోయానన్నాడు. నాకు తెలుసనుకుని ఎవరి మాటా వినలేదన్నాడు. "నా వల్లే పాపా" అన్నాడు. ఆ మాటతో ఆయన దగ్గర మాటలు అయిపోయాయి.

కొట్లో ఎవరూ లేరు. ఉన్నా నేను బయటికి పంపేసేవాణ్ణి. ఆ అమ్మాయి సంచి దించలేదు. ఆయన్నే చూస్తోంది. అన్నేళ్ళ తర్వాత తండ్రితో మొదటి మాట అంది.

"నాకు ఫోన్ ఎందుకు చెయ్యలా?"

 చెప్పు, చెప్పేయి అని మనసులో అనుకుంటూనే ఉన్నాను. ఒక్క ముక్క చెబితే ఆ మనిషి మీదున్న బరువులో సగం దిగిపోతుంది. పైగా అది నిజం.

"తోచలా పాపా," అన్నాడు. "ఐసు ధ్యాసలో పడి మరిచిపొయినా."

నేను కదిలాను. ఆయన నా వైపు ఒక్కసారి చూశాడు. నోరు మూసుకున్నాను.

 ఆ అమ్మాయి బల్ల దగ్గరికి వచ్చి, థర్మాకోల్ పెట్టె మూత ఎత్తి వాసన చూసింది.

"దీంట్లో పెట్టి తెస్తారా నాయనా కార్డుని? తేమ తగలదా?" అని కసిరింది. "పద. బస్సు పోతాది."

మనిషిని తిడితే ముఖం అలా వెలిగిపోవడం నేను ఎక్కడా చూడలేదు. అరటిపళ్ళ సంచి ఆ పిల్ల చేతిలోంచి తీసుకుని, నాకు చెప్పకుండానే వెనకాల నడిచాడు. వాళ్ళు వెళ్ళాక నేను ఫ్యాను వేసుకోవడం కూడా మర్చిపోయాను.

తర్వాత కొన్నేళ్ళు ఇద్దరూ కలిసే వచ్చేవాళ్ళు. నా కొట్లో పోట్లాడుకునేవాళ్ళు. చొక్కా గుండీల గురించి, పులుసులో ఉప్పు గురించి, ఫోన్ ఎత్తకపోవడం గురించి. ఇంతకాలం దాచిపెట్టుకున్న మాటలన్నీ నా నెత్తిన కుమ్మరిస్తున్నారేమిటని నేను విసుక్కునేవాణ్ణి, లోపల సంతోషపడేవాణ్ణి. ఆయనలో ఒక మార్పు వచ్చింది. ఊళ్ళో ఎవరికి జ్వరమని తెలిసినా కండువా వేసుకుని వెళ్ళి, ఆటో పిలిచి, కావలి ఆసుపత్రికి బయల్దేరదీసేవాడు. ఒళ్ళు పెద్దగా కాలడం లేదు, నువ్వే తాకి చూడు అంటే చేతులు వెనక్కి పెట్టుకునేవాడు. "చెయ్యి అబద్ధం చెప్తాది, పదండి" అనేవాడు. జలుబు చేసినవాళ్ళు కూడా ఆయనకి కనపడకుండా తిరిగేవాళ్ళని కూతురు చెప్పి నవ్వేది. ఆ నవ్వేదో నేను మిక్సింగ్ చేసి ఇచ్చినంత గర్వంగా ఉండేది నాకు.

ఆయన పోయింది ఫ్యాక్టరీ గోడ నీడలోనే. టీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, గోడకి ఆనుకున్నాడట. అంతే.

జువ్వలదిన్నె వెళ్ళేసరికి వాకిలి నిండా జనం. కావలి నుంచి ఫ్రీజర్ పెట్టె తెప్పిద్దామని ఒకరిద్దరు బంధువులు అంటుంటే ఫ్యాక్టరీవాళ్ళు పడనివ్వలేదు. ఊళ్ళో ఎవరు పోయినా, దూరం నుంచి రావాల్సినవాళ్ళు వచ్చేదాకా ఐసు పేర్చి, ఊక చల్లి, పక్కనే కూర్చుని కనిపెట్టుకుని ఉండేది ఆయనేనట. నాకు ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. ఆయనకి మేము చేస్తామని వాళ్ళే దిమ్మలు మోసుకొచ్చి పేర్చారు. తడి గోనెపట్టాల మధ్య ఆయన ముఖం మామూలుగానే ఉంది.

దారిపొడవునా నేను ఒకటే ఆలోచించుకుంటూ వచ్చాను. ఆ మాట నీ దగ్గర ఉండనీ అన్నాడు, ఉంచాను. ఇప్పుడు మనిషే లేడు. తన తండ్రి తనని మరిచిపోయాడనుకుంటూ ఈ పిల్ల బతుకంతా గడపాలా? చెప్పేద్దామనే నిర్ణయించుకున్నాను. మాట తప్పినట్టయితే అయింది, పాపం నాకే తగలనీ అనుకున్నాను.

ఇంటి పక్క సందులో, వలలు ఆరేసిన చోట, ఆ అమ్మాయి ఒక్కతే ఉండటం చూసి దగ్గరికి వెళ్ళాను.

"అమ్మా, ఆరోజు నా కొట్లో మీ నాయన నీకు చెప్పింది నిజం కాదు," అన్నాను. "నీకు ఫోన్ చెయ్యడం ఆయన మరిచిపోలేదు."

"తెలుసన్నా," అంది.

ఏం తెలుసని అడిగాను.

"అమ్మే వద్దనింది. చెవులు కుట్టేదానికి పోయినప్పుడు చిన్నమ్మ చెప్పింది. ఆ పొద్దున అమ్మ చిన్నమ్మతో ఫోన్లో చెప్పిందంట, పాపకి ఫోన్ చెయ్యబోతే ఆపినానని." కొంగుతో ముఖం తుడుచుకుంది. "బస్సులో వచ్చేటప్పుడే అనుకున్నా. అడగతా, ఏం చెప్తాడో చూద్దామని. అమ్మ మీద చెప్పినా తప్పేం లేదు, నిజమే గదా. చెప్పలా. అట్టాంటి మనిషితోనా నేను ఇన్నాళ్ళూ మాట్లాడకుండా ఉండింది అనిపించింది."

"నీకు తెలుసని ఆయనకి చెప్పావా?"

తల అడ్డంగా ఊపింది. "చెప్తే, దాచింది దాగలేదని బాధపడతాడు. ఎందుకులే అని ఊరుకున్నా."

లోపల్నుంచి ఎవరో పిలిస్తే వెళ్ళింది. నేను ఆ వలల మధ్య నిలబడి ఏడ్చాను. ఒకే మాటని ఆయన ఆ పిల్లకి తెలియకుండా, ఆ పిల్ల ఆయనకి తెలియకుండా దాచుకుని, ఆ ఇంట్లో వాళ్ళిద్దరూ రోజూ పోట్లాడుకుంటూ ఎంత సంతోషంగా బతికారో తలుచుకుని ఏడ్చాను.